హాల్ టికెట్ల మీద చేతులుంచే కాపరులకు

హైదరాబాద్‌లో విద్యానగర్ మొదలుకొని అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ దాకా ఉన్న సంఘాల కాపరులకు, పెద్దలకు,



నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. పుట్టింది ఒంగోలులో, బాప్టిస్టుల ఇంట్లో. ఉంటున్నది విద్యానగర్‌లో. మా మేడ మీద రెండు గదులు పోటీ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలకు అద్దెకిస్తాను. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని చిక్కడపల్లి లైబ్రరీకి పోతారు. కాస్త ఆలస్యమైతే కుర్చీ దొరకదు, మెట్ల మీదో చెట్టు కిందో కూర్చుని చదువుకోవాలి. మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం, సాయంత్రం అశోక్‌నగర్‌లో కోచింగు, రాత్రి తొమ్మిదికి ఇల్లు. వాళ్లు మెట్లెక్కే చప్పుడును బట్టే ఆ రోజు ఎలా గడిచిందో నాకు తెలిసిపోతుంది.

మొన్నొక సాయంత్రం వాళ్లలో ఒకమ్మాయి పాత కాగితాలన్నీ కింద పరుచుకుని కూర్చుంది. పారేసేవి ఒకవైపు, ఉంచేవి ఒకవైపు. మూడు హాల్ టికెట్లు మాత్రం ఏ వైపూ వేయకుండా ఒళ్లో పెట్టుకుంది. తీసి చూశాను. మూడింటి మీదా దాదాపు ఒకే చోట, ఫొటో పక్కన, బొటనవేలంత నూనె మరక. మరక పడినంత మేర కాగితం పల్చబడి, వెనకవైపు అచ్చయిన సూచనలు తిరగబడిన అక్షరాలతో ఇవతలికి కనబడుతున్నాయి.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"ప్రార్థన నూనె ఆంటీ. పరీక్షకు ముందు ఆదివారం అందరివీ బల్ల మీద పెట్టిస్తారు. అయ్యగారు చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు."

మొదటి హాల్ టికెట్ 2022 అక్టోబరు తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్‌ది. 503 పోస్టుల నోటిఫికేషన్ అది. ప్రశ్నపత్రం బయటికి పోయిందని 2023 మార్చిలో ఆ పరీక్షను రద్దు చేశారు. రెండోది జూన్‌లో మళ్లీ రాసినప్పటిది. నిర్వహణ సరిగా లేదని సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. జూన్‌లో రాసిన ఆ పరీక్షది మూడో హాల్ టికెట్. అందులో ఆ పిల్ల నెగ్గలేదు. మూడోసారీ పోయాక తన సంఘంలో పెద్ద ఒకాయన పక్కకు పిలిచి, నీలో ఎక్కడో ఒప్పుకోని పాపం ఉంది, అందుకే నీ ప్రార్థన పైకి పోవడం లేదు అన్నాడట. అది ఏ సంఘమో నేను రాయను. మీలో ఎవరిదైనా కావచ్చు. ఆ మాట నేను ఒక్క సంఘంలోనే విన్నది కాదు.

ఆ పిల్ల ఏం ఒప్పుకోవాలో నాకు తెలియదు. ప్రశ్నపత్రం అమ్ముకున్నది మాత్రం తను కాదు.

అయ్యగారూ, మొదటి సమూయేలు మొదటి అధ్యాయం మీకు కంఠతా వచ్చు. దాన్ని ఎప్పుడూ కొడుకు కోసం మొరపెట్టిన హన్నా వైపు నుంచే చెబుతారు. ఒక్కసారి ఏలీ వైపు నుంచి చదవమని నా మనవి. షిలోహులో మందిరం గుమ్మం దగ్గర పీఠం మీద కూర్చున్న యాజకుడాయన. ఎదురుగా ఒకామె ఏడుస్తూ ప్రార్థన చేస్తోంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినబడడం లేదు. తాగి వచ్చిందనుకున్నాడు. జీవితమంతా మందిరంలో గడిపినవాడు కళ్ల ముందు జరిగే ప్రార్థనను పోల్చుకోలేకపోయాడు. నిందించాడు కూడా. హన్నా తల వంచుకుని వెళ్లిపోలేదు. తాగలేదయ్యా, నా దుఃఖమంతా దేవుడి ముందు కుమ్మరించుకుంటున్నానని చెప్పింది. అప్పుడు ఏలీ చేసిన పని చూడండి. వాదించలేదు. నీ పాపాలేమిటని ఆరా తీయలేదు. అన్న మాట అక్కడే వదిలేసి, నెమ్మదిగా వెళ్లమ్మా అని దీవించాడు. తప్పుగా పోల్చుకున్న కాపరి తప్పు దిద్దుకోవడానికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

ఆ తర్వాత లేఖనం ఒక చిన్న సంగతి చెబుతుంది. హన్నా వెళ్లి భోజనం చేసింది. ఆమె ముఖంలో ముందటి దిగులు లేదు. అప్పటికి సమూయేలు పుట్టలేదు, కడుపున పడనైనా లేదు. ఇంటికి పోతే సవతి పెనిన్నా సూటిపోటి మాటలు అలాగే ఉంటాయి. చేతిలో ఏమీ లేకుండానే ఆమెకు అన్నం సయించింది. ప్రార్థన అంటే ఏమిటని ఎవరైనా నన్నడిగితే ఆ భోజనం గురించే చెబుతాను. అడిగింది దొరకడం తర్వాతి కథ. గుండెలో ఉన్నదంతా దాచుకోకుండా చెప్పడం, ఆ చెప్పింది ఒకరు విన్నారన్న నమ్మకంతో లేవడం, అక్కడితోనే ప్రార్థన ప్రార్థన అయిపోయింది.

ఇక సాక్ష్యాల్లో మనం చెప్పే మహిమ. ఈ మాట దగ్గర నాలోని తెలుగు టీచరు ఊరుకోదు, కాస్త ఓర్చుకోండి. మన వాడుకలో మహిమ అంటే అబ్బురం. వాన పడితే దేవుడి మహిమ, జబ్బు నయమైతే దేవుడి మహిమ. మహిమలు చూపించడం అంటే అద్భుతాలు చేయడం. పాత నిబంధన హీబ్రూలో ఆ చోట ఉన్న మాట కాబోద్. దాని ధాతువుకు అర్థం బరువు. స్తుతి చేసేటప్పుడు మహిమ పక్కనే మనం ఘనత అంటాం కదా, నా లెక్కన కాబోద్‌కు దగ్గరి చుట్టం అదే. ఘనమంటే గట్టిది, బరువైనది, లోపల డొల్ల లేనిది. దేవుడి మహిమ దిగివచ్చిందంటే ఆ చోట ఒక బరువు వచ్చి కూర్చుందని. ప్రత్యక్ష గుడారంలోకి మోషే కూడా అడుగు పెట్టలేకపోయాడని నిర్గమకాండం చివర చెబుతుందే, ఆ బరువు.

యూదు పండితులు క్రీస్తుకు ముందే లేఖనాలను గ్రీకులోకి తెచ్చారు. కాబోద్‌కు వాళ్లు ఎంచుకున్న మాట దోక్సా. అంతకుముందు ఆ మాటకు జనం అభిప్రాయం, లోకంలో పేరు అని అర్థం. అంత తేలిక మాటలో వాళ్లు సీనాయి కొండ బరువంతా పోశారు. మన మందిరాల్లో ఇప్పుడు నేను చూస్తున్నది దీనికి ఎదురుగా నడుస్తోంది. బరువైన మాట మళ్లీ పేరులోకి, ప్రచారంలోకి తేలిపోతోంది. ఫలితాలొచ్చిన ఆదివారం సాక్ష్యానికి ఎవరిని పిలుస్తారో మీకే తెలుసు. ర్యాంకు వచ్చినవాళ్లు వరసగా నిలబడతారు, ఫొటోలు తీస్తారు, దేవునికి మహిమ అంటారు. ఆ పిల్లల సంతోషం నిజమైనదే, వాళ్లు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవాల్సిందే. వెనక వరసలో కూర్చున్నవాళ్లకు మాత్రం మరో సంగతి వినబడుతుంది: దేవుడి మహిమ వాళ్ల ఇళ్లకు వచ్చింది, మన ఇంటికి రాలేదు.

ఎర్ర సముద్రం చీలడం చూసినవాడు మోషే. మన్నా తిన్నవాడు, బండలోంచి వచ్చిన నీళ్లు తాగినవాడు. అవన్నీ అయిపోయాక నిర్గమకాండం 33లో, నీ మహిమ నాకు చూపించు అని దేవుణ్ణి అడిగాడు. అంటే అప్పటిదాకా చూసిన అద్భుతాలేవీ మహిమ కావని అతనికి తెలుసన్నమాట. దేవుడిచ్చిన జవాబు ఇంకా వింతగా ఉంటుంది. మహిమ అడిగితే, నా మంచితనాన్నంతా నీ ముందు నుంచి దాటిస్తానన్నాడు. బండ సందులో నిలబెట్టి, చేత్తో కప్పి, దాటిపోతూ కనికరం, దయ, దీర్ఘశాంతం అని తన పేరు తానే చాటాడు. మోషే చూసింది వెనకభాగమే. మహిమ అంటే దేవుడి స్వభావం మనిషి పక్క నుంచి నడిచిపోవడం అని ఆ ఘట్టం నాకు నేర్పింది. అది నెగ్గినవాడి ఇంటికే వస్తుందన్న లెక్క అందులో ఎక్కడా లేదు.

యోహాను సువార్త ఇంకా ముందుకు పోతుంది. అందులో యేసు తాను మహిమ పొందే గడియ వచ్చిందన్నది సిలువ గురించి. మట్టిలో పడి చచ్చే గోధుమగింజతో పోల్చి చెప్పాడు. చివరి అధ్యాయంలో పేతురు ఎలాంటి చావుతో దేవుణ్ణి మహిమపరుస్తాడో ముందే సూచించాడని ఉంది. చావుతో! మనం చప్పట్లు కొట్టించే సాక్ష్యాల పక్కన ఆ వాక్యాన్ని పెట్టి చూడండి.

గెత్సేమనేలో యేసు ఆ గిన్నె తప్పించమని మూడుసార్లు అదే మాట అడిగాడు. పౌలు ఒంట్లోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ఇద్దరికీ అడిగింది దొరకలేదు. మా పిల్ల ఒళ్లో ఉన్నవీ మూడు కాగితాలే. గెత్సేమనే చెట్ల కింద యేసు దగ్గరకు వెళ్లి, నీలో ఎక్కడో లోపం ఉంది అనగల పెద్దమనిషి ఎవరున్నారు?

మళ్లీ ఏలీ దగ్గరకు రావాలి. మొదటి సమూయేలు రెండో అధ్యాయంలో అతని కొడుకులు జనం తెచ్చిన అర్పణల్లో మంచి ముక్కలు ముందే లాక్కుని తిన్నారు. నాకంటే నీ కొడుకులను ఘనపరిచావని దేవుడు ఏలీని నిలదీశాడు. ఆ ఘనపరచడమూ కాబోద్ ధాతువులోదే. నాలుగో అధ్యాయంలో కొడుకులు చనిపోయారని, దేవుని మందసం శత్రువులకు పట్టుబడిందని కబురు విని ఏలీ పీఠం మీద నుంచి వెనక్కి పడి మెడ విరిగి పోయాడు. ముసలివాడు, బరువైనవాడు అంటుంది లేఖనం. అక్కడా అదే ధాతువు. ఆ వెంటనే అతని కోడలు ప్రసవించి ఆ బిడ్డకు ఈకాబోదు అని పేరు పెట్టింది, మహిమ పోయిందని. దేవుడికి చెందాల్సిన బరువు పీఠం మీది మనిషి ఒంటికి చేరిన కథ ఇది. ఏడ్చే ఆడదాన్ని తాగుబోతు అనుకున్న రోజునే ఇది మొదలైందని నేను అనుకుంటాను. మీమీద కోపంతో రాయడం లేదు. ఏలీ అంటే నాకు జాలి. చివరికి ఆయన పడిపోయింది కొడుకులు చనిపోయారన్నప్పుడు కాదు, మందసం పేరు ఎత్తినప్పుడు.

ప్రార్థనంటే ఓర్చుకుని ఊరుకోమని నేను అంటున్నట్టు అనిపిస్తే అది నా రాతలోని లోపం. విసుగక ప్రార్థించడం నేర్పడానికి యేసు లూకా 18లో ఎంచుకున్న మనిషి ఒక విధవరాలు. ఆమె తిరిగింది దేవుడికీ మనిషికీ భయపడని న్యాయాధిపతి గుమ్మం చుట్టూ. అడిగింది న్యాయం. ప్రశ్నపత్రాలు అమ్ముడుపోయే కాలంలో, ఒకే పరీక్ష రెండుసార్లు రద్దయిన ఊళ్లో, 2024 అక్టోబరులో పిల్లలు అశోక్‌నగర్ రోడ్ల మీదికి వచ్చి లాఠీదెబ్బలు తిన్న చోట, ఈ ఉపమానం ఎన్ని పల్పిట్ల మీద వినబడింది? ఆ పిల్లలు దేవుణ్ణి అడుగుతున్నది ఉద్యోగం ఒక్కటేనా? చదివినవాడికి చదివినంత దక్కాలన్నది కూడా వాళ్ల మొరలో ఉంది. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో పెద్ద భాగం మొరలే. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా. అలాంటి కీర్తనను దేవుడు తన ఇంటి పాటల పుస్తకంలో ఉంచుకున్నాడు. మనం మాత్రం మందిరంలో ఏడుపు గొంతుకు చోటివ్వం.

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1854 జనవరి 1, తెల్లవారకముందు, ఒంగోలు పక్కన కొండ మీద అయిదుగురు మోకరించారు. మిషనరీ లైమన్ జూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. 24 ఏళ్ల తర్వాత, 1878 జులైలో, గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఈ రెండు తేదీలూ పక్కపక్కనే పెట్టి చెప్పేవాళ్లు: అడిగారు, దొరికింది. పెద్దయ్యాక తెలిసింది, ఆ రెంటి మధ్య ఒక కరవు ఉందని. 1876 నుంచి జనం ఆకలితో రాలిపోతుంటే, జూవెట్ తర్వాత వచ్చిన జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కూలీల్లో ఎక్కువమంది మాదిగలు. వాళ్లు బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. కరవు సాయం నడిచినన్నాళ్లూ క్లఫ్ ఒక్కరికీ ఇవ్వలేదు. బియ్యం కోసం దేవుడి దగ్గరకు వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదనుకున్నాడు. సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేది ఏమీ లేనప్పుడు, వాళ్లు మళ్లీ వచ్చారు. ఆ 2,222 అంకెలో నాకు మహిమ కనబడేది అక్కడ. చేతులు ఖాళీ అయ్యాక కూడా వచ్చినవాళ్లు వాళ్లు.

మీకు ఇంకా దగ్గరి సంగతి, ముషీరాబాద్ గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లోని హెబ్రోను, భక్తసింగ్ గారి సంఘం. 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థనలో గడిపి సంఘాల పని మొదలుపెట్టిన భక్తసింగ్ గారు, 1950 నుంచి ఈ ఊళ్లో ఉన్నారు. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టినాయన. డబ్బు కావాలని మనుషులను అడగకూడదు, దేవుడికే చెప్పుకోవాలి అన్నది ఆయన పెట్టుకున్న నియమం. పరిశుద్ధ సమాజ కూటాల్లో వేలమంది నేల మీద చాపలపై కూర్చుని, ఒకే పంక్తిలో భోజనం చేసేవాళ్లు. అంత ప్రార్థన చేసిన మనిషి చివరి ఏళ్లు పార్కిన్సన్స్ వ్యాధితో మంచానికే పరిమితమయ్యారు. ఒప్పుకోని పాపం ఉందని ఆయన మంచం పక్కన ఎవరన్నా అన్నారా? 2000 సెప్టెంబరు 17న ఆయన పోయారు. నారాయణగూడ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. నేను అప్పుడప్పుడు అక్కడికి వెళ్లి కాసేపు నిలబడతాను. ఆ మంచం మీది ఏళ్లలోనూ దేవుడి బరువు ఆ ఇంటి మీద ఉందనే నేను నమ్ముతాను.

ఇంతకీ మిమ్మల్ని అడగవచ్చింది ఇది. హాల్ టికెట్ల మీద ప్రార్థన మానమని నేను అనను. ఆ పిల్లలకు బతుకంతా ఆ కాగితంలో ఉంది, తెచ్చి దేవుడి ముందు పెట్టుకోనివ్వండి. చెయ్యి ఉంచినప్పుడు ఫలితాన్ని మాత్రం హామీ ఇవ్వకండి. ఫలితాలొచ్చిన ఆదివారం, నెగ్గనివాళ్లలో మాట్లాడగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ సాక్ష్యానికి చోటివ్వండి. చప్పట్లు అక్కర్లేదు, వినండి చాలు. పరీక్షలు న్యాయంగా జరగాలని పల్పిట్ మీద నుంచి, గట్టిగా, ఆ విధవరాలిలా ప్రార్థన చేయండి. పగటిపూట మందిరం తలుపులు తెరిచి ఉంచండి. లైబ్రరీలో చోటు దొరకని పిల్ల వచ్చి ఒక మూల కూర్చుంటే, చదువుకుంటుందో ఏడుస్తుందో ప్రార్థిస్తుందో అడగకండి. మీ ఊరేది, మీ సంఘమేది, ఏ కులం అన్నది అసలే వద్దు. ఒప్పుకోని పాపం అన్న మాట, పరీక్ష పోయినవాళ్ల ముందు, ఇంకెప్పుడూ మీ నోట రావద్దు.

అమాలేకుతో యుద్ధంలో ఎత్తి పట్టుకున్న మోషే చేతులు బరువెక్కాయి. అక్కడి హీబ్రూ మాటా ఆ బరువుదే. అహరోను, హూరు అతన్ని బండ మీద కూర్చోబెట్టి చెరో చెయ్యీ పట్టుకుని పొద్దు వాలేదాకా నిలబడ్డారు. నీ చేతులు ఎందుకు దిగిపోతున్నాయని వాళ్లు అడగలేదు.

హాల్ టికెట్లు ఒళ్లో పెట్టుకున్న ఆ రాత్రి మా పిల్ల అన్నం తినలేదు. "మీరు ప్రార్థన చేయండి ఆంటీ, నాకు మాటలు రావట్లేదు" అంది. నాకూ రాలేదు. ఇద్దరం మేడ మెట్ల మీద కూర్చున్నాం, కింద ఆటోలు సద్దుమణిగేదాకా. మూడు కాగితాలూ నాకిచ్చి దాచమంది. ఊరికి పోతుందో, ఇంకోసారి రాస్తుందో ఇంకా తేల్చుకోలేదు. ఈ ఆదివారం మాత్రం గుడికి వస్తానంది, పాత సంఘానికి కాకుండా. మీలో ఎవరి మందిరమో నాకు తెలియదు. వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చుంటుంది. పెదవులు కూడా కదలకపోవచ్చు. సాక్ష్యాల వేళ లేచి బయటికి పోకుండా చూడండి.

ప్రభువులో మీ సహోదరి,
విద్యానగర్ నుంచి